సన్నిధి, నిధి

ఒక వాక్యం నుండి అర్థం ఉదయించాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడూ ఉండాలని శాస్త్రకారులు నిర్ణయించారు. తాత్పర్యజ్ఞానాన్ని నాలుగవదిగా చేర్చినవారూ ఉన్నారు. మొదటి రెండింటిపై పాఠశాలలలో దీర్ఘమైన చర్చ జరుగుతుంది. సన్నిధిని మాత్రం ఒక్క ఉదాహరణతో దాటవేయడం పరిపాటి. తెలుగువాడని ప్రసిద్ధుడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో చూపినది ఆ ఉదాహరణే: ‘ఆవును’ అని ఒక జామున, ‘తీసుకురా’ అని మరొక జామున పలికితే శ్రోతకు శాబ్దబోధ కలగదు. పదాలు సక్రమమైనవే, వాటికి పరస్పరాపేక్షా ఉన్నది, కాని నడుమ కాలం అడ్డుపడింది.

ఈ ఉపేక్ష తగదనడానికి నేటి కాలం ఒక నిదర్శనాన్ని సమకూర్చింది. అంతర్జాలంలో అన్వేషించేవానికి ప్రతిదినం ఎదురయ్యే సమస్య సన్నిధిదే. రెండు పదాలు ఇస్తే, ఆ రెండూ ఉన్న పుటలన్నీ వచ్చిపడతాయి. ఒకటి పుట శిరస్సున, మరొకటి పాదాన ఉన్నా యంత్రానికి అభ్యంతరం లేదు. దీనిని నిర్మాతలు ఆదిలోనే గుర్తించారు. 1995లో వెలసిన ఆల్టావిస్టాలో ‘నియర్’ అనే ఆజ్ఞ ఉండేది. పది పదాల లోపల కలిసి ఉన్నవాటినే అది చూపేది. 1998లో గూగుల్ నిర్మాతలు ప్రకటించిన పత్రంలో పదాల సామీప్యాన్ని పది అంతరువులుగా విభజించారు. మొదటిది పదాలు అవ్యవధానంగా కలిసి ఉండటం, చివరిది బొత్తిగా దూరంగా ఉండటం. నేడు కూడా రెండు పదాల నడుమ ఆంగ్ల పెద్దక్షరాలలో ‘అరౌండ్’ అని వ్రాసి, కుండలీకరణంలో ఒక సంఖ్యను ఉంచితే, అంత దూరం లోపల ఉన్నవాటికి ప్రాధాన్యం లభిస్తుంది. అది సర్వదా నియతంగా ఫలిస్తుందని నమ్మరాదు.

మంచిర్యాల సమీపాన ఉన్న శ్రీరాంపూర్ సింగరేణి గనుల ప్రాంతం. అక్కడి విశ్రాంత కార్మికుడొకరికి ఈ సన్నిధి విషయం ప్రాణసమానమైంది. ఆయనకు బాయి పనిలో పెద్దవాడైన ఒక సహచరుడు ఉండేవాడు. షిఫ్టు నడుమ అన్నం డబ్బా మూసిన తరువాత ఆ పెద్దాయన ఉపనిషత్తుల మాటలు చెప్పేవాడు. ఒకనాడు, “తమ్మీ, పాతిపెట్టిన బంగారం మీదనే దినాం తిరుగుతున్నం, దొరుకుతలేదు. నిద్రల గూడ అంతే,” అన్నాడు. ఆయన కాలం చేసిన తరువాత పెద్దకర్మనాడు ఈ మాట ప్రస్తావనకు వచ్చింది. అక్కడ ఉన్న ఒక చదువరి, “ఇది ఏ ఉపనిషత్తులోనూ లేదు, బాయి పనివాళ్ళు కల్పించుకున్నది,” అని తేల్చివేశాడు. గతించినవాని కుమారుడు తల వంచుకున్నాడు.

విశ్రాంత కార్మికుడు మనుమరాలిని కూర్చోబెట్టుకొని వెదకించాడు. ‘బంగారం’, ‘నిధి’ అనే పదాలకు ఆనాటి బంగారం ధరలు, గుప్తనిధుల కోసం పాత కోటలు తవ్వి పట్టుబడినవారి వార్తలు, ప్రభుత్వ నిధుల మంజూరు వచ్చాయి. మిత్రుని మాటను యథాతథంగా ఉద్ధరణ చిహ్నాలలో ఉంచితే ఏమీ రాలేదు. రాదు కూడా, ఆ మాట బాయిలో తెలంగాణ పలుకుబడిలో పుట్టినది. “తాతా, ఇంకేమన్న అన్నడా?” అని ఆ పిల్ల అడిగింది. నిద్ర ప్రసంగం అప్పుడు జ్ఞాపకానికి వచ్చింది. సత్సంగంలో విన్న ‘సుషుప్తి’ అనే పదాన్ని ‘నిధి’కి పది పదాల దూరంలో వెదకించాడు. మూడవ ఫలితం ఛాందోగ్యోపనిషత్తుకు ఒక తెలుగు వివరణ. ఎనిమిదవ అధ్యాయం, మూడవ ఖండం, రెండవ మంత్రం.

క్షేత్రం తెలియనివారు భూమిలో నిక్షిప్తమైన బంగారు నిధి మీద మరల మరల సంచరిస్తూ దానిని పొందలేరు; అట్లే ప్రాణులన్నీ ప్రతిదినం సుషుప్తిలో బ్రహ్మలోకాన్ని చేరుతూ, అనృతం చేత ఆకర్షింపబడి, దానిని ఎరుగవు. ఆ మంత్రం చెప్పేది ఇది. క్షేత్రం తెలియనివారు అంటే నిధిశాస్త్రం ద్వారా నిధి ఉన్న చోటును ఎరుగనివారని శంకర భాష్యం. 1871లో విలియం కింగ్ ఇల్లందు సమీపాన బొగ్గును గుర్తించేనాటికి ఆ నేల మీద ఎన్ని తరాలు నడిచి ఉంటాయో! నల్లబంగారమని పిలుచుకొనేచోట ఆ దృష్టాంతం ఒక కార్మికుని హృదయాన నిలవడంలో ఆశ్చర్యమేమున్నది?

మూలాన్ని కూడా చూడగోరి ‘హిరణ్యం’, ‘నిధి’ అని విడివిడిగా ఇచ్చి వెదకితే మంత్రం దొరకలేదు. కారణం దూరం కాదు, అతిసామీప్యం. మూలంలో అవి ‘హిరణ్యనిధి’ అనే ఏకసమాసం. యంత్రం పదాలను ఖాళీస్థలాలను బట్టి లెక్కిస్తుంది. సమాసంలో లీనమైన పదం దానికి అదృశ్యం. సంధి జరిగినచోట పదాంతమే మాయమవుతుంది. పైగా ద్వితీయాంతాన్ని ఒకరు పూర్ణబిందువుతో, మరొకరు పొల్లు మకారంతో వ్రాస్తారు. సంస్కృత, తెలుగు గ్రంథాలలో అన్వేషించేవారు విగ్రహరూపంతో పాటు సమస్తరూపాన్నీ ఇచ్చి చూడటం మేలు.

దీనికి విపరీతమైన దోషం మరొకటి. కొండ, తిన్నది, నిప్పు కలది, దేవదత్తుడు అనే పదాలను ఒకదాని వెంట ఒకటి పేర్చిన ఉదాహరణ న్యాయసిద్ధాంతముక్తావళిలో ఉన్నది. కొండకు నిప్పుతో, తిన్నదానికి దేవదత్తునితో అన్వయం. కాని పక్కపక్కన పడినవి కొండ, తిండి. స్థానసామీప్యం అన్వయాన్ని ఇవ్వదు. అందుచేతనే మీమాంసకులు శ్రుతి, లింగ, వాక్య, ప్రకరణ, స్థాన, సమాఖ్యలనే ఆరు ప్రమాణాలలో స్థానాన్ని ఐదవదిగా నిలిపి, ముందున్న నాలుగింటికంటె దుర్బలమన్నారు. సన్నిధి అంటే బుద్ధిలో పదార్థాలు కలిసి నిలవడమే కాని చెవిన కలిసి పడటం మాత్రమే కాదన్నదీ వారి మతమే. ‘నిధి’, ‘సన్నిధి’ రెండూ ‘ని’ పూర్వకమైన ‘ధా’ ధాతువు నుండి పుట్టినవి. రెంటికీ మూలం ఉంచడమే. ఎక్కడ ఉంచారో ఎరిగినవాడు లేకపోతే, ఉంచినది ఉన్నా లేనట్లే.

శ్రీరాంపూర్ పెద్దాయన చదువరి మాటను ఖండించడానికి ఆ మంత్రాన్ని వెదికాడు. దొరికిన తరువాత ఆయన దృష్టి నిధి మీద నిలవలేదు. ఆ దృష్టాంతానికి ముందే, అదే మంత్రంలో, మరొక మాట ఉన్నది: తనవారిలో జీవించి ఉన్నవారిని, గతించినవారిని, కోరియు పొందలేకపోయినవాటిని, అన్నింటినీ హృదయాకాశాన్ని చేరినవాడు అక్కడ పొందుతాడు. మిత్రుడు బాయిలో ఈ భాగం చెప్పలేదో, చెప్పినా యువకునిగా తాను వినలేదో తెలియదు. ‘గతించినవారు’ అనే పదాన్ని ఆయన ఏ అన్వేషణలోనూ ఇవ్వలేదు. అది నిధి పక్కనే ఉన్నది.

మనుమరాలు ఫోను మూయబోతే వారించి తరువాతి మంత్రాన్నీ చదివించుకున్నాడు. అందులో శ్రుతి హృదయమనే ఒక్క పదాన్ని ‘హృది’, ‘అయమ్’ అని రెండుగా విడదీసి, ‘ఇతడు హృదయంలో ఉన్నాడు’ అని నిర్వచిస్తుంది. మరునాడు మిత్రుని కుమారునికి ఆయన ఇచ్చిన కాగితం మీద రెండవ మంత్రంతో పాటు మూడవదీ ఉన్నది.