పొగమంచులో అమ్మమ్మ

ఎల్బీనగర్ జనానికి ఎదురుచూపులు కొత్త కాదు. నల్గొండకైనా, సూర్యాపేటకైనా, ఖమ్మానికైనా, బెజవాడకైనా బస్సు పట్టుకోవాలంటే ఆ చౌరస్తాలో నిలబడాల్సిందే. సంక్రాంతి ముందు రోజుల్లో చూడాలి ఆ సందడి! సంచులు కాళ్ల మధ్య పెట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని, దిల్‌సుఖ్‌నగర్ వైపు నుంచి వచ్చే ప్రతి బస్సు బోర్డూ చదువుతుంటారు. బస్సు ఆలస్యమైతే కారణం కళ్లెదుటే ఉంటుంది. అదిగో ట్రాఫిక్కు, అదిగో రద్దీ. తిట్టుకోవడానికైనా ఒక రూపం ఉంటుంది.

విమానం అలా కాదు. ఇక్కడ ఆకాశం అద్దంలా ఉంటుంది. ఎండ చురుక్కుమంటుంది. ఆలస్యానికి కారణం మాత్రం 1,200 కిలోమీటర్ల అవతల, కంటికి కనిపించని చోట ఉంటుంది. ఆ సంగతి మా అమ్మకు అర్థమయ్యేలా చెప్పడానికి నాకు ఒక పూట పట్టింది. 2025 జనవరి 4, శనివారం.

చెల్లెలికి ఇచ్చిన మాట

మా ఇల్లు కొత్తపేటలో. అటు దిల్‌సుఖ్‌నగర్, ఇటు ఎల్బీనగర్. చెల్లెలు, బావ ఢిల్లీ ద్వారకలో ఉంటారు. చెల్లికి నెలలు నిండాయి. డాక్టరు ఇచ్చిన తేదీకి ఇంకా పదిహేను రోజులుంది. రెండేళ్ల కిందట తొలి కాన్పు నిలవలేదు. అప్పుడు అమ్మకు కాలు విరిగి మంచంలో ఉంది. వెళ్లలేకపోయింది. అందుకే ఈసారి ముందే మాటిచ్చింది. ‘నొప్పులు మొదలయ్యే యాళ్లకు నీ పక్కన కూసుంట బిడ్డా’ అని. నన్ను తోడు రమ్మంది. అమ్మకు అదే మొదటి విమానం.

నాలుగు రోజుల ముందు నుంచీ ఇంట్లో సొంఠి వాసనే. సొంఠి, మిరియాలు, వాము దంచి పొడులు కట్టింది. బాలింతకు పెట్టే కాయం ముద్ద చేసింది. నువ్వుల ముద్దలు డబ్బా నిండా. బెల్లం, కుడకలు సరేసరి. సామానంతా ఒక సూట్‌కేసులో సర్ది, దానికి నవారు తాడు కూడా కట్టింది. నువ్వుల ముద్దల డబ్బా మాత్రం చేతి సంచిలోనే ఉంచుకుంది.

విమానం ఉదయం 6.40కి. మూడింటికే బయల్దేరాం. ఆ వేళ కొత్తపేట రోడ్డు నిర్మానుష్యంగా ఉంది. చాంద్రాయణగుట్ట దాటి పహాడీషరీఫ్ మీదుగా శంషాబాద్ చేరేసరికి నాలుగు కాలేదు. దారిలో ఉండగానే బావ ఫోను. ‘రాత్రి నుంచీ నొప్పులు వస్తూ పోతూ ఉన్నాయి. హాస్పిటల్‌కి తీసుకొచ్చాం. కంగారేం లేదు’ అన్నాడు. అమ్మ ఏమీ మాట్లాడలేదు. సంచిని గట్టిగా ఒళ్లోకి లాక్కుంది.

మొదటి ఇబ్బంది కుడకలతో వచ్చింది. సూట్‌కేసు తెరవమన్నారు. నవారు విప్పడానికి పది నిమిషాలు. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ, అంటుకునే గుణం ఉందని లగేజీలో వెళ్లకూడని వస్తువుల్లో దాన్నీ చేర్చారట. ‘కుడక పేలుతదా?’ అని అమ్మ ఆశ్చర్యపోయింది. వాటిని అక్కడే వదిలేయాల్సి వచ్చింది. ‘బాలింతకు కుడక లేకుంటెట్ల?’ అన్నది. ఢిల్లీలో దొరుకుతాయని చెప్పి ముందుకు నడిపించాను.

గేటు దగ్గర కూర్చున్నాం. తెర మీద 6.40 కాస్తా 8.30 అయింది. కాసేపటికి 10.15 అయింది. ఆ తర్వాత అంకె పోయి, ‘ఆలస్యం’ అన్న మాట ఒక్కటే మిగిలింది.

మంచు అక్కడ, మనం ఇక్కడ

‘మంచు పడితే బస్సు ఆగుతదా? లైట్లేసుకుని మెల్లగ పోతది గద’ అన్నది అమ్మ. నిజమే. చౌటుప్పల్ దగ్గర మంచు కమ్మితే డ్రైవరు లైట్లు వేసి, హారన్ కొడుతూ, ముందు లారీ ఎర్ర లైటు పట్టుకుని పోతాడు. విమానం అలా మెల్లగా పోలేదు. పోవడానికి వేగం ఉండాలి. ఆగడానికి కనబడే నేల ఉండాలి.

ఉత్తరాదిన డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే నేల తన వేడిని త్వరగా వదిలేస్తుంది. పంజాబ్, హర్యానా, పశ్చిమ ఉత్తరప్రదేశ్ అంతా తడిపిన పొలాలే. గాలిలో తేమకు కొదవుండదు. గాలి కదలకపోతే నేలనంటిన ఆ తేమ చల్లబడి, పొగనీ దుమ్మునీ పట్టుకుని చిన్న చిన్న నీటి బిందువులవుతుంది. అదే పొగమంచు. పైన వెచ్చటి గాలి మూతలా పరుచుకుని ఉంటుంది కాబట్టి అది పైకి పోలేదు. ఎండ బలంగా తగిలేదాకా కరగదు. కిలోమీటరు లోపు కనబడకపోతే పొగమంచు అంటారు. 200 మీటర్ల లోపైతే దట్టమైన మంచు. 50 మీటర్ల లోపైతే అతి దట్టమైనది. ఆ తెల్లవారుజామున ఢిల్లీ పాలంలో గంటల తరబడి నమోదైంది ఎంతో తెలుసా? సున్నా.

ఢిల్లీలో కేటగిరీ-3బి అనే పరికరాల వ్యవస్థ ఉంది. దానితో రన్‌వే మీద 50 మీటర్లు కనబడినా విమానాన్ని దించవచ్చు. అయితే విమానంలోనూ ఆ పరికరాలుండాలి. పైలట్లకూ ఆ శిక్షణ ఉండాలి. విచిత్రం ఏంటంటే, పైకి లేవడానికి అంతకంటే ఎక్కువ, సుమారు 125 మీటర్లు కనబడాలి. దిగే విమానాన్ని యంత్రం దించుతుంది. లేచేటప్పుడు పరిగెత్తే దారిని మాత్రం పైలట్ కళ్లతోనే చూడాలి. అంటే దిగగలిగినా, దిగిన విమానం తిరిగి లేవలేక అక్కడే నిలిచిపోవచ్చు. మంచులో విమానానికీ విమానానికీ మధ్య ఎడం పెంచుతారు కాబట్టి గంటకు దిగేవాటి సంఖ్యా తగ్గిపోతుంది. పైగా ఒకే విమానం రోజుకు నాలుగైదు ఊళ్లు తిరుగుతుంది. పొద్దున ఢిల్లీలో చిక్కుకున్నది మధ్యాహ్నం హైదరాబాద్‌ను, సాయంత్రం ఇంకో ఊరిని ఆలస్యం చేస్తుంది.

అంతా విని అమ్మ ఒక్కటే అడిగింది. ‘మరి గీ ముచ్చట మైకుల చెప్పరాదా?’

నిజానికి ఆ రోజు మమ్మల్ని కుంగదీసింది ఆలస్యం కాదు. ఏమీ తెలియకపోవడం. ‘అనివార్య కారణాల వల్ల’ అనే మాటకు పొట్టలో నొప్పి తగ్గించే గుణం లేదు.

గేటు దగ్గర ఒక చిన్న ఎల్బీనగర్

పదింటికి అమ్మ ఓపిక పట్టలేక పక్కవాళ్లను పలకరించడం మొదలుపెట్టింది. బస్టాండులో అలవాటైన ప్రశ్నే. ‘ఏ ఊరు నాయినా?’

ఆ ఒక్క మాటతో గేటు దగ్గర వాతావరణమే మారిపోయింది. పక్క కుర్చీలో కుర్రాడిది మిర్యాలగూడ. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండి మూడేళ్లుగా సివిల్స్‌కు చదువుతున్నాడు. మెయిన్స్ దాటాడు. వచ్చే వారం నుంచి యూపీఎస్సీ ఇంటర్వ్యూలు మొదలు. చలికి అలవాటు పడాలని నాలుగు రోజుల ముందే వెళుతున్నాడట. ఎదురుగా ఉన్న పెద్దాయనది వనస్థలిపురం. కొడుకు దగ్గరికి వెళుతున్నారు. ఆ వెనక ఒక కుటుంబం గయకు. పితృకార్యం మర్నాడే. ఢిల్లీలో అందాల్సిన రెండో విమానం అప్పటికే పోయినట్టే లెక్క. ఎవరి గొడవ వాళ్లది. అందరిదీ ఒకటే తెర.

పన్నెండు గంటలప్పుడు కౌంటర్ దగ్గర కేకలు. ఒకాయన అక్కడున్న కుర్రాడి మీదకు వేలెత్తి అరుస్తున్నాడు. ఆ కుర్రాడికి పాతికేళ్లు కూడా ఉండవు. అతనికి తెలిసింది మా తెర మీద ఉన్నంతే. సరిగ్గా ఏడాది కిందట, 2024 జనవరిలో, ఇలాంటి మంచు ఆలస్యాల్లోనే ఢిల్లీలో ఒక ప్రయాణికుడు విమానంలో పైలట్ మీద చెయ్యి చేసుకున్నాడు. ముంబైలో దారి మళ్లిన విమానం ప్రయాణికులు నేల మీదే కూర్చుని భోజనాలు చేశారు. ఆ దృశ్యాలు దేశమంతా చూసింది. ఆ తర్వాతే పౌర విమానయాన డైరెక్టరేట్, అంటే డీజీసీఏ, ఆలస్యాల సమాచారం ఎప్పటికప్పుడు చెప్పాలనీ, మూడు గంటలకు మించి ఆలస్యమయ్యేలా ఉంటే విమానాన్ని ముందే రద్దు చేయవచ్చనీ సంస్థలకు సూచించింది.

మనకూ కొన్ని హక్కులున్నాయి. హైదరాబాద్-ఢిల్లీ లాంటి దూరానికి రెండు గంటలు దాటిన ఆలస్యానికి తినడానికి, తాగడానికి ఇవ్వాలి. ఆరు గంటలు దాటితే వేరే విమానమో, పూర్తి డబ్బు వాపసో కోరవచ్చు. వాతావరణం వల్ల అయితే నష్టపరిహారం మాత్రం ఉండదు. మాకూ కూపన్లు ఇచ్చారు. కప్పు ఉప్మా, టీ. అమ్మకు శనివారం ఒక్కపొద్దు. కూపన్ తీసుకెళ్లి ఆ మిర్యాలగూడ పిల్లాడి చేతిలో పెట్టింది.

డబ్బు వాపసు తీసుకుందామా అని అడిగాను. ‘తీసుకుని ఏం చేస్తం? రైలెక్కుదమా?’ అన్నది. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ నాంపల్లి నుంచి పొద్దున్నే వెళ్లిపోయింది. అది ఎక్కినా మర్నాడు ఉదయానికి కానీ ఢిల్లీ చేరదు.

ఎక్కినా కదల్లేదు

12.50కి పిలిచారు. అందరం గబగబా ఎక్కాం. అమ్మ బెల్టు పెట్టుకుని కళ్లు మూసుకుని వెంకటేశ్వరస్వామిని తల్చుకుంది. తలుపులు వేశారు. అంతే. అరగంట, గంట, గంటన్నర. ఢిల్లీ నుంచి అనుమతి రావాలన్నారు. అది వచ్చేసరికి పైలట్ల డ్యూటీ గంటలు అయిపోయాయన్నారు. పైలట్లు, సిబ్బంది ఎన్ని గంటలు పనిచేయాలన్నదానికి కచ్చితమైన పరిమితి ఉంది. అలసిన కళ్లతో మంచులో విమానం దించకూడదని పెట్టిన నిబంధన అది. మంచిదే. కానీ ఆ మాట విన్నప్పుడు విమానంలో లేచిన నిట్టూర్పు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మళ్లీ దిగాం. మళ్లీ అదే గేటు.

3.20కి ఫోను మోగింది. బావే. స్పీకర్ పెట్టమన్నాడు. ముందు ఏదో గరగర. తర్వాత సన్నగా, కోపంగా, ఆపకుండా ఒక ఏడుపు.

‘అత్తమ్మా... పాప. ఇద్దరూ బాగున్నారు.’

అమ్మ ఫోను చెవికి కాదు, గుండెకు పెట్టుకుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అది సంతోషమో, మాట తప్పిందన్న బాధో నేను అడగలేదు. రెండూ అయ్యుంటాయి. చుట్టూ ఉన్నవాళ్లు కంగారుపడ్డారు. సంగతి తెలిసి మిర్యాలగూడ పిల్లాడు చప్పట్లు మొదలుపెట్టాడు. గేటు గేటంతా చప్పట్లు!

అమ్మ కళ్లు తుడుచుకుని నువ్వుల ముద్దల డబ్బా తీసింది. వనస్థలిపురం పెద్దాయనకు, గయ వెళ్లే కుటుంబానికి, ఇందాక కేకలేసిన ఆయనకు కూడా తలా ఒకటి పెట్టింది. ఆయన తీసుకోవడానికి మొహమాటపడ్డాడు. ‘తీసుకో నాయినా, మనుమరాలు పుట్టింది’ అన్నది. చివరికి కౌంటర్ దగ్గరికి వెళ్లి ఆ కుర్రాడి చేతిలో రెండు పెట్టింది. అతను తినలేదు. జేబురుమాలులో చుట్టి దాచుకున్నాడు. తర్వాత పది నిమిషాలకు మైకు పక్కన పెట్టి, మా మధ్యకే వచ్చి చెప్పాడు. ‘కొత్త సిబ్బంది బయల్దేరారు. గంటలో వస్తారు. ఐదున్నర దాటుతుంది. అంతకుముందు మాత్రం కాదు.’ ఆ రోజు మాకు దొరికిన మొదటి నిజమైన సమాచారం అదే. అది విన్నాక ఎవరూ అరవలేదు. కొందరు కాసేపు నిద్ర కూడా పోయారు.

ఎక్కనిది ఒక్కటే

5.40కి విమానం లేచింది. కిటికీ పక్కన కూర్చున్న అమ్మ ఊరి దీపాలు చూస్తూ ‘మన ఎల్బీనగర్ ఏది?’ అని అడిగింది. నాకూ తెలియలేదు. ఏదో ఒక వెలుగుల గుంపు చూపించాను.

ఢిల్లీలో ఎనిమిదింటికి దిగాం. బెల్టు మీద అందరి సామాన్లూ వచ్చాయి. నవారు తాడు సూట్‌కేసు రాలేదు. ఎక్కి దిగిన గందరగోళంలో అది హైదరాబాద్‌లోనే ఉండిపోయిందట. ఫారం నింపి ఇచ్చాం. సొంఠి, మిరియాలు, కాయం అన్నీ అందులోనే. పదిహేడు గంటల ప్రయాణం తర్వాత మా అమ్మ కూతురి కాన్పుకు తీసుకెళ్లింది సగం ఖాళీ అయిన నువ్వుల ముద్దల డబ్బా ఒక్కటే.

ఆసుపత్రి గదిలోకి వెళ్లేసరికి తొమ్మిదిన్నర. చెల్లి మెలకువగానే ఉంది. ‘నొప్పులప్పుడు పక్కన ఉంటానన్నవ్’ అన్నది నవ్వుతూనే. గొంతులో మాత్రం చిన్న జీర. అమ్మ సమాధానం చెప్పలేదు. చేతులు కడుక్కుని, అరచేతులు రుద్ది వేడి చేసుకుని, పాపను తీసుకుంది. చాలాసేపు అలాగే చూసింది.

ఆ తర్వాతే నెమ్మదిగా చెప్పింది. ‘నువ్వు పుట్టిన్నాడు అమ్మమ్మ గూడ అందలే. వాగు పొంగింది. ఒడ్డు మీదనే తెల్లారింది. నేను అలిగిన. వచ్చినంక నలభై దినాలు కదలకుండ చేసింది. అప్పుడు అలక పోయింది.’

సూట్‌కేసు మూడో రోజు ఇంటికి వచ్చింది. నవారు తాడు వేసిన ముడి వేసినట్టే ఉంది. అమ్మ నలభై రోజుల తర్వాత, ఫిబ్రవరి నడుమ, ఎండ కాసే మధ్యాహ్నం విమానానికి తిరిగి వచ్చింది. అది నిమిషం కూడా ఆలస్యం కాలేదు.