ఓడ నడిచిన దారి

కాంగ్స్‌ఫ్యోర్డ్ అడుగున హిమనది గీసిన గట్లని నేను పటంలో చూపినవి చాలావరకు అక్కడ లేనే లేవు. స్వాల్‌బార్డ్‌లోని ఆ సన్నటి సముద్రపు పాయ ఒడ్డున, 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర, 2008 నుంచి మన దేశపు హిమాద్రి కేంద్రం ఉంది. 2014లో నీటి అడుగున కొలతలు తీసే ఇండార్క్ పరికరాలను దించిందీ ఆ నీళ్లలోనే. నేను అక్కడికి పోలేదు. ఓడ తెచ్చిన లోతుల లెక్కలు సరిచేసి, అడుగు నేలను చదవడం నా పని.

మాది కల్లూరు. బేతంచర్ల నాపరాళ్లను, ఓర్వకల్లు గుట్టలను చూస్తూ భూగర్భశాస్త్రంలోకి వచ్చినవాణ్ని. రాతిలో ఒకప్పటి సముద్రాన్ని పోల్చుకోగలనన్న ధీమా ఉండేది. ఆ ధీమాతోనే పటాన్నీ రాతిలా నమ్మాను. కానీ నా ముందున్నది రాయి కాదు, ధ్వని పోయి తిరిగొచ్చిన సమయం.

మల్టీబీమ్ సోనార్ ఓడకు రెండు వైపులా ధ్వనిని ఏటవాలుగా కూడా పంపి, ఓడ దారి వెంట అడుగు నేలను ఒక పట్టీగా కొలుస్తుంది. సముద్రంలో ధ్వని వేగం సెకనుకు 1500 మీటర్లకు అటూ ఇటూ. ఎండాకాలంలో హిమనది కరిగిన మంచినీళ్లు పైన ఒక పొరగా పరుచుకుంటాయి, అందులో వేగం తగ్గుతుంది. బిందెలో ముంచిన కట్టె వంగినట్టు కనిపిస్తుందే, అలా ఏటవాలు ధ్వని అక్కడ నిజంగానే వంగుతుంది. చాలాసేపటి కిందట కొలిచిన వేగాన్నే నేను అన్నిచోట్లా వాడాను. దాంతో ప్రతి పట్టీ అంచులూ పైకి లేచాయి. పక్కపక్క పట్టీల అంచులు కలిసినచోటల్లా పొడవాటి గట్టు పుట్టింది.

మంచు కదిలింది పాయ పొడవునా, ఓడ నడిచిందీ పాయ పొడవునే. అందుకే అబద్ధం అంత చక్కగా నప్పింది. నివేదిక కూడా రాసిచ్చాను.

అది చూసిన ఒక పెద్దాయన ఒకటే అడిగారు: "ఓడ ఏ దారిన పోయిందయ్యా?" ఓడ గీతలను పటం మీద పరిచాను. గట్ల మధ్య ఎడమూ, గీతల మధ్య ఎడమూ ఒకటే. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. అడ్డంగా నడిచిన గీత ఒకటుంది, దాన్ని నేను తెరిచి కూడా చూడలేదు. అందులో ఆ గట్ల జాడే లేదు.

నివేదిక వెనక్కి తీసుకుని, ముడి లెక్కల నుంచి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి పాయకు అడ్డంగా చిన్న చిన్న గట్లు తేలాయి. హిమనది వెనక్కి తగ్గుతూ, మధ్యమధ్య ఆగి, ముందున్న మట్టిని నెట్టి వదిలినవి. నేను వెతికిన చరిత్ర వాటిలోనే ఉంది. మొదటిసారి వాటిని కొలతల్లోని చెత్త అనుకుని, నేనే నున్నగా చెరిపేశాను.