చక్రాల మీద వంటిల్లు

కిందటేడు మావారు పాత వ్యానులో పరుపు, సింకు, గ్యాసు పొయ్యి పెట్టించి క్యాంపర్‌వ్యాను చేయించారు. 20 ఏళ్ళుగా వంట చేస్తున్నా, నాకిక కొత్తేముందనుకున్నాను!

డిసెంబరులో అరకు వెళ్ళాం. రాత్రి చలికి అద్దాలన్నీ బిగించి, వెచ్చగా ఉంటుందని పొయ్యి ఆర్పకుండా వదిలేశాను. కాసేపటికి పాప "అమ్మా, తలనొప్పి" అంది. నాకూ కళ్ళు తిరిగాయి. గబుక్కున పొయ్యి ఆర్పి తలుపు తీశాను గనక సరిపోయింది.

గాలి చాలని మంట నుంచి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఇక వంటగ్యాసు గాలికన్నా బరువు, లీకైతే నేలమీదే పేరుకుంటుంది.

ఇప్పుడు వ్యాను అడుగున గాలి రంధ్రాలు పెట్టించాం, కార్బన్ మోనాక్సైడ్ అలారం బిగించాం. వంటవగానే రెగ్యులేటర్ కట్టేస్తాను. మరి చలికంటారా? రగ్గులున్నాయి కదండీ!