ఘాటు దారికి ఒక రేకు అడ్డం

గిద్దలూరు నుంచి నంద్యాల అరవై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. మామూలు మనిషికి అదేం దూరం కాదు. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లే మనిషికి, అదీ మే నెలలో, మధ్యలో నల్లమల ఘాటు దాటాల్సి వస్తే చాలా దూరం. ఒక వేసవంతా ఆ దారిలో నాన్నను నేనే తీసుకెళ్లి తీసుకొచ్చాను.

డయాలసిస్ చేయించుకునేవాళ్లకు ఎండాకాలం పెట్టే బాధ పక్కనున్నవాళ్లకే తెలుస్తుంది. నాలుక పిడచకట్టుకుపోతున్నా నీళ్లు తాగకూడదు. కాఫీ, మజ్జిగ, చారు అన్నీ కలుపుకొని రోజుకు లీటరు దాటొద్దని నాన్నకు డాక్టరుగారు గట్టిగా చెప్పారు. ఎవరింటికి వెళ్లినా ప్రేమగా కొబ్బరిబోండం కొట్టిస్తారు. అందులో పొటాషియం ఎక్కువ కాబట్టి అదీ పనికిరాదు. నాలుగు గంటలు మిషను మీద ఉండి లేచేసరికి బీపీ పడిపోయి గొంతు పెగిలేది కాదు. అలాంటి మనిషిని మధ్యాహ్నం మూడు గంటలప్పుడు ఏసీ లేని కారులో ఎలా కూర్చోబెడతాం?

మా కారేమో ఏసీ వేస్తే ఘాటు ఎక్కేది కాదు.

అది సెకండ్ హ్యాండ్‌లో కొన్న పెట్రోలు బండి. చల్లటి పూట బాగానే పరిగెత్తేది. తిరుగు ప్రయాణంలో గాజులపల్లె దాటి ఎక్కుడు మొదలయ్యాక ముందు లోడు లారీ ఒకటి తగిలితే చాలు, కష్టాలు మొదలయ్యేవి. సెకండ్ గేరులో పాకుతూ పోతుంటే ఇంజనులో రేకుడబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు చప్పుడొచ్చేది. ఎంత తొక్కినా లాగేది కాదు. ఏసీ కట్టేస్తే కాస్త కదిలేది. "ఆపెయ్ తల్లీ, నేను ఓర్చుకుంటాలే" అనేవారు నాన్న. అద్దాలు దించితే వడగాలి. వెనక సీట్లో అమ్మ తడిగుడ్డతో ఆయన పెదాలు అద్దుతూ ఉండేది.

ఒకరోజు మలుపు దగ్గర బండిని పక్కకు తీసి ఆపేయక తప్పలేదు. నాన్నకు కళ్లు తిరుగుతున్నాయి. వెనకొస్తున్న ఆర్టీసీ బస్సు డ్రైవరు అడగకముందే ఆపి, నాన్నను ముందు సీట్లో కూర్చోబెట్టుకొని గిద్దలూరులో దించారు. ఆ డ్రైవరు పేరు కూడా అడగలేకపోయాను. ఆ సాయం నేను మరిచిపోలేను.

మెకానిక్కులు ప్లగ్గులు మార్చారు, ఫిల్టరు మార్చారు, కూలెంటు నింపారు. ఎండకు అన్ని బళ్లూ అంతేనన్నారు. చివరికి కార్ల కరెంటు పని చేసే ఒక కుర్రవాడు స్టీరింగు కిందున్న సాకెట్‌కు స్కానరు తగిలించి ఫోనులో చూపించాడు. బయట 43 డిగ్రీలుంటే, బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజను పీల్చే గాలి 71 డిగ్రీలుంది. "అక్కా, దీనికి ఫిల్టరు పెట్టె ఏదీ?" అన్నాడు. కంపెనీ వాళ్లిచ్చే నల్ల ప్లాస్టిక్ పెట్టె ముందు గ్రిల్లు దగ్గర నుంచి గొట్టంతో బయటి గాలి తెచ్చుకుంటుంది. మాకు అమ్మినవాళ్లు అంతకుముందే దాన్ని పీకేసి, షోకుకు కోన్ ఫిల్టరు బిగించారు. అది రేడియేటరు వెనక, ఎగ్జాస్టు మానిఫోల్డుకు జానెడు దూరంలో, ఏ అడ్డూ లేకుండా ఉంది.

గాలి వేడెక్కితే పలచబడుతుంది. 43 డిగ్రీల గాలితో పోలిస్తే 71 డిగ్రీల గాలిలో, అంతే చోటులో, ఎనిమిది శాతం తక్కువ గాలి ఉంటుంది. ఒక కిలో పెట్రోలు సరిగ్గా మండాలంటే పద్నాలుగున్నర కిలోల పైచిలుకు గాలి కావాలి. గాలి తగ్గితే లాగుడూ తగ్గుతుంది. అంతకన్నా పెద్ద దెబ్బ ఇంకోటుంది. వేడిగాలికి పెట్రోలు అదుపు తప్పి అంటుకుంటుంది. ఆ చప్పుడు అదే. ఇంజను దెబ్బతినకుండా కంప్యూటరు స్పార్కును ఆలస్యం చేస్తుంది, దాంతో ఉన్న లాగుడూ పోతుంది.

పాత పెట్టె కోసం విజయవాడ ఆటోనగర్ దాకా ఫోన్లు చేయించాను. ఆ మోడలుది దొరకలేదు. ఎల్లుండి మళ్లీ డయాలసిస్. మా వీధిలో కూలర్లు, ట్రంకుపెట్టెలు చేసే పెద్దాయన దగ్గరికి వెళ్లాను. బానెట్ ఎత్తి చూసి, "ఒక్క రేకుతో వేడి ఆగదమ్మా, రెండు రేకుల మధ్య గాలి ఉండాల" అన్నారు. నేను చదివింది కూడా అదే. మానిఫోల్డు నుంచి వచ్చే సెగను మెరిసే రేకు వెనక్కి కొడుతుంది. రేడియేటరు ఫ్యాను తోసే వేడిగాలికి మాత్రం గోడ కట్టాలి, పైన సందు మూయాలి.

ముందు అట్టతో నమూనా కత్తిరించాం. బ్యాటరీ, హోసు, వైర్లు తగలకుండా అట్టను సరిచేయడానికే సగం రాత్రి పోయింది. తర్వాత అల్యూమినియం రేకు కోసి, యాంగిల్ ముక్క మీద మడిచి, మధ్యలో వాషర్లు పెట్టి రెండు పొరలుగా రివెట్లు కొట్టాం. అంచులకు వేళ్లు కోసుకుపోయాయి. పై అంచుకు రబ్బరు బీడింగు తొడిగితే బానెట్ మూసినప్పుడు దానికి అదుముకుంది. బాడీకి రంధ్రాలు వేయకుండా, ఉన్న బోల్టులకే పట్టీలు బిగించాం. గ్రిల్లు వెనక నుంచి ఒక మడతల గొట్టం పెట్టాం. దాని మూతి కిందికి ఉంటే వానాకాలం నీళ్లు పీల్చి ఇంజను పాడవుతుందని ఎత్తులో కట్టాం. థర్మోకోలు, స్పాంజి అంటించమని కొందరు చెప్పారు. మానిఫోల్డు దగ్గర అవి అంటుకుంటాయి. ఆ మాట వినొద్దు.

తర్వాతి ప్రయాణంలో అదే ఎక్కుడు, మళ్లీ లారీ వెనకే. ఇంజను పీల్చే గాలి వేడి 55 డిగ్రీలు దాటలేదు. ఏసీ ఆపలేదు. ఘాటు దాటి దిగువమెట్ట వచ్చేసరికి నాన్న నిద్రలో ఉన్నారు. అమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది. నాకు కళ్లు మసకబారి నీళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది.

ఇదేదో మహిమ అని చెప్పను. ఆసుపత్రి బయట గంటలు గంటలు ఎండలో నిలబెడితే రేకూ కాలిపోతుంది. బండి కదిలి గాలి తగిలేదాకా అంకె పైనే ఉంటుంది. కంపెనీ పెట్టె దొరికితే దాన్ని మించింది లేదు. ఆ వేసవికి మాకు దొరికింది రేకే. ఆ రేకుతోనే నాన్న వేసవి గట్టెక్కారు.

పాత కారు కొనేవాళ్లు రంగు, టైర్లు, రీడింగు చూస్తారు. దయచేసి బానెట్ ఎత్తి ఫిల్టరు పెట్టె, దాని గొట్టం ఉన్నాయో లేదో కూడా చూడండి. లేకపోతే అమ్మేవాళ్లను అడిగి పెట్టించుకున్నాకే డబ్బులివ్వండి. ఇంట్లో రోగి ఉంటే అసలే వదలొద్దు.