కారు బయట, సామాను లోపల

అమెరికా శివారు కాలనీల్లో సాయంత్రం పూట నడకకు బయల్దేరితే ఒక తమాషా కనిపిస్తుంది. 40 వేల డాలర్లు పోసి కొన్న కార్లు ఎండకూ వడగళ్లకూ డ్రైవ్‌వే మీద నిలబడి ఉంటాయి. వాటి కోసమే కట్టిన గరాజ్‌లో మాత్రం కాలు విరిగిన కుర్చీ, గాలి పోయిన బాస్కెట్‌బాల్, ఎప్పటిదో టీవీ వచ్చిన అట్టపెట్టె నీడపట్టున హాయిగా ఉంటాయి.

ఇదేదో ఒకరిద్దరి బద్ధకం అనుకోవడానికి లేదు. యూసీఎల్‌ఏ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2001–2005 మధ్య లాస్ ఏంజిలిస్‌లో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేసే 32 మధ్యతరగతి కుటుంబాల ఇళ్లకు వెళ్లి, ఏ వస్తువు ఎక్కడుందో ఫొటోలు తీసి లెక్క రాసుకున్నారు. బృందంలో ముఖ్యురాలైన జీన్ ఆర్నాల్డ్ పురావస్తు శాస్త్రవేత్త. తవ్వకాల్లో దొరికినవాటిని లెక్కపెట్టే పద్ధతిని ఆవిడ ఈసారి బతికున్నవాళ్ల సామాను మీద ప్రయోగించారు. మొదట లెక్కపెట్టిన ఇంట్లో మూడు గదుల్లోనే కంటికి కనిపించే వస్తువులు 2,260 తేలాయి. డ్రాయర్లలో, అల్మారాల్లో ఉన్నవి ఇందులో చేరలేదు. 2012లో పుస్తకంగా వచ్చిన ఈ పరిశీలనలో గరాజ్‌ల సంగతి ఇంకా విచిత్రం. నాలుగింట మూడు గరాజ్‌లలో కారుకు చోటే లేదు.

మొదట్లో గరాజ్ ఇంటికి దూరంగా, పెరట్లో గుర్రబ్బగ్గీల కొట్టం ఉండే చోట ఉండేది. 1921లో సి.జి. జాన్సన్ పైకి లేచే తలుపు తయారుచేశాడు. 1926లో దానికి కరెంటుతో నడిచే యంత్రం జోడించాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కట్టిన శివారు ఇళ్లలో గరాజ్ ఇంటికే అతుక్కుంది. వంటగదిలోంచి ఒక తలుపు తీస్తే చాలు, గరాజ్. ఆ తలుపే కొంప ముంచింది. మన పాత ఇళ్లలో అటక మీదికి ఏదైనా చేర్చాలంటే నిచ్చెన వేయాలి, కింద ఒకరు పట్టుకోవాలి, బూజు దులపాలి. అంత శ్రమ పడాలా అని మనిషి ఒక్క క్షణమైనా ఆలోచిస్తాడు. గరాజ్‌లోకి కాలితో నెట్టడానికి ఆ క్షణం కూడా అక్కర్లేదు.

ఈ ప్రమాదాన్ని ముందే పసిగట్టినవాడు వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్. విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో ఆయన 1937లో పూర్తిచేసిన జేకబ్స్ ఇంటికి గరాజ్ లేదు. పైకప్పు మాత్రం ఉన్న కార్‌పోర్ట్ ఉంది. ఇప్పటి కార్లకు మూసిన గది అవసరం లేదన్నది ఆయన వాదన. గోడలు లేని చోట సామాను పేర్చాలంటే ఎవరికైనా మొహమాటమే కదా.

గరాజ్‌లో చేరే వస్తువులన్నిటికీ ఒక పోలిక ఉంటుంది. పారేయడానికి మనసు రాదు, ఇంట్లో ఉంచుకోవడానికి చోటు లేదు, ఎవరికైనా ఇవ్వడానికి తీరిక లేదు. “చూద్దాంలే” అన్న ఒక్క మాటతో అవి అక్కడ దిగుతాయి. ఇంట్లో ప్రతి గదికీ అడిగేవాళ్లు ఒకరుంటారు. గరాజ్‌కు ఎవరూ ఉండరు.

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో వంటి ఊళ్లలోని తెలుగు ఇళ్లలో ఈ “చూద్దాంలే”కు సొంత రుచి ఉంది. టెక్సస్ ఇళ్లకు నేలమాళిగలు అరుదు కాబట్టి బరువంతా గరాజే మోస్తుంది. ఇండియా ప్రయాణాలు అయ్యాక మిగిలే సూట్‌కేసులు ఒకదాంట్లో ఒకటి దూరి కూర్చుంటాయి. వినాయక చవితి మండపం, బొమ్మల కొలువు మెట్లు, పుట్టినరోజు బెలూన్ల స్టాండు, క్రికెట్ కిట్టు, రెండు నెలలు నడిచి ఆగిపోయిన ట్రెడ్‌మిల్, పదిమందికి వండే పెద్ద గిన్నెలు కూడా అక్కడికే చేరతాయి. కొందరు చేపల వేపుడు వాసన ఇంట్లోకి రాకుండా గరాజ్‌లోనే స్టవ్ పెట్టుకుంటారు. ఆరు నెలలకని వచ్చిన అత్తగారు చెత్తబుట్టలోంచి జీడిపప్పు ప్లాస్టిక్ డబ్బా బయటికి తీసి, “ఇంత మంచి డబ్బా పారేస్తారా అమ్మా!” అంటారు. ఆవిడ తిరిగి వెళ్లేనాటికి అలాంటి డబ్బాలు ఒక అర నిండా ఉంటాయి. “ఏమండీ, ఆ ట్రెడ్‌మిల్ సంగతి?” అని ఆవిడ కూతురో కోడలో అడిగితే వచ్చే జవాబు తెలిసిందే.

చోటు పోవడం ఒక్కటే అయితే సరిపెట్టుకోవచ్చు. గరాజ్ ఇంట్లో నిప్పుకు దగ్గరి చోటు కూడా. చాలా ఇళ్లలో గ్యాస్ వాటర్ హీటర్ అక్కడే ఉంటుంది. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు కనుక నేలను పట్టుకుని పాకుతుంది. అందుకే హీటర్లో నిప్పు పుట్టే భాగం నేలకు 18 అంగుళాల ఎత్తున ఉండాలని అక్కడి నిర్మాణ నిబంధన. హీటర్ చుట్టూ అట్టపెట్టెలు పేర్చితే ఆ జాగ్రత్తంతా వృథా. బార్బెక్యూ ప్రొపేన్ సిలిండరు గరాజ్‌లో ఉండకూడదు, ఆరుబయటే ఉండాలి.

చెక్కకు నూనె పట్టించి ఉండచుట్టి మూల పడేసిన గుడ్డ ఇంకా మాయదారిది. లిన్సీడ్ (అవిసె) నూనె ఆరేటప్పుడు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి వేడి పుట్టిస్తుంది. ఉండలో ఆ వేడి బయటికి పోలేక దానంతటదే అంటుకుంటుంది. 1991 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాలో వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనం తగలబడింది ఇలాంటి గుడ్డల వల్లే. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. నూనె గుడ్డలను విడివిడిగా పరిచి బయట ఆరబెట్టాలి, లేదా నీళ్లు పోసిన మూతగల ఇనప డబ్బాలో వేయాలి.

ఎండ సంగతి వేరే. టెక్సస్ వేసవిలో గరాజ్ లోపల వేడి బయటి కన్నా తక్కువేమీ ఉండదు. పెళ్లి ఫొటోలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, కొవ్వొత్తులు వంగిపోతాయి, బియ్యం బస్తాకు పురుగు పడుతుంది. చలికాలంలో కథ తిరగబడుతుంది. మామూలు ఫ్రిజ్‌ను గరాజ్‌లో పెడితే, కింది అర చల్లగానే ఉందని దాని థర్మోస్టాట్ పొరబడుతుంది. కంప్రెసర్ తిరగదు. పైన ఫ్రీజర్లో ఉన్న కొబ్బరి కోరూ గోంగూరా కరిగి నీరవుతాయి. గరాజ్ వాతావరణానికి తట్టుకునే ఫ్రిజ్‌లు విడిగా అమ్ముతారు. రెండో ఫ్రిజ్ కావాలనుకునేవాళ్లు కొనాల్సింది వాటినే.

ఇక సర్దడం. చాలామంది మొదటి శనివారం దుకాణానికి వెళ్లి ర్యాకులు, ప్లాస్టిక్ బిన్లు కొనుక్కొస్తారు. దాంతో అక్కర్లేని సామాను కూడా మూతలు పెట్టుకుని, పేర్లు రాయించుకుని పదేళ్లపాటు స్థిరపడుతుంది. ముందు చేయాల్సింది టేపు పట్టుకుని కొలవడం. రెండు కార్ల గరాజ్ లోపల సుమారు 20 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు ఉంటుందనుకుందాం. కారు పొడవు 16 అడుగులు అయితే ముందు మిగిలేది నాలుగే. అందులో మనిషి నడవాలి. పక్కన తలుపు తెరిచి చంటిపిల్లను దించుకోవాలి. ఈ లెక్క కాగితం మీద వేశాక అరకు ఎంత లోతు ఇవ్వగలమో తెలుస్తుంది. చాలా ఇళ్లలో అది చేతి పొడవుకు మించదు.

ఆ తర్వాత పొద్దున్నే అంతా డ్రైవ్‌వే మీదికి తేవాలి. లోపలే ఉంచి అటూ ఇటూ జరిపితే ఏ వస్తువూ పోదు. ఎండలో వరసగా పరిచినప్పుడు మూడు సుత్తులు, నాలుగు పిక్నిక్ కూలర్లు, ఐదు ఎక్స్‌టెన్షన్ వైర్లు ఒకేసారి కంటబడతాయి. ఎదురింటాయన కూడా చూస్తాడన్న సిగ్గు కొంత పని చేస్తుంది.

పోయే వస్తువులకు దారులు చాలానే ఉన్నాయి. బట్టలు, గిన్నెలు 1902లో బోస్టన్‌లో పుట్టిన గుడ్‌విల్ లాంటి సంస్థలకు ఇవ్వవచ్చు. మిగిలిన టైల్స్, తలుపులు, పనిముట్లు హ్యాబిటాట్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ల రీస్టోర్ దుకాణాలు తీసుకుంటాయి. వాషింగ్టన్ రాష్ట్రంలోని బైన్‌బ్రిడ్జ్ ద్వీపంలో 2013లో ఇద్దరు మహిళలు మొదలుపెట్టిన బై నథింగ్ గుంపుల్లో డబ్బు మాటే ఉండదు. అక్కర్లేనిది పెడతారు, కావాల్సినవాళ్లు వచ్చి పట్టుకెళ్తారు. పిల్లల కారు సీటు మాత్రం చూడకుండా ఇచ్చేయకూడదు. దానికి గడువు తేదీ ఉంటుంది, దాటితే చాలా చోట్ల తీసుకోరు. ఆయిల్ పెయింట్, పురుగుమందు, పాత బ్యాటరీలు ఊరి ప్రమాదకర చెత్త కేంద్రానికే వెళ్లాలి.

మిగిలిన వాటికి గోడే మంచి చోటు. జూలియా చైల్డ్ అనే వంటల రచయిత్రి కోసం ఆమె భర్త పాల్ కేంబ్రిడ్జ్ ఇంటి వంటగదిలో చిల్లుల చెక్క బిగించి, ఏ పెనం వేలాడే చోట ఆ పెనం ఆకారం గీశాడు. ఆ వంటగది ఇప్పుడు వాషింగ్టన్ డి.సి.లోని మ్యూజియంలో ఉంది. జపాన్ కర్మాగారాల్లోనూ పనిముట్ల పలకల మీద ఇదే పద్ధతి. గీత ఉండి వస్తువు లేకపోతే ఎవరో తీసుకెళ్లి పెట్టలేదని చూడగానే తెలిసిపోతుంది. రెంచి కోసం ఇల్లంతా వెతకడం, దొరక్క మరొకటి కొనడం తప్పుతాయి. కలిపి వాడే సామాను కలిపే ఉండాలి. చవితి సామానంతా ఒక బిన్లో, పక్కన “చవితి” అని పెద్దక్షరాలతో తెలుగులోనే రాసి, పై అరలో. ఏడాదికోసారి దింపేది పైన, వారానికోసారి తీసేది నడుము ఎత్తున. బరువైన ర్యాకును పైకప్పుకు బిగిస్తే మరమేకు దూలంలోకి దిగాలి. వట్టి జిప్సం పలక ఆ బరువు మోయదు.

డాలస్ తెలుగువాళ్లకు ఈ పనికి గడువు ఏటా దానంతటదే వస్తుంది. కరివేపాకు మొక్క గడ్డకట్టే చలికి ఆగదు. సాధారణంగా నవంబరులో మొదటి ఫ్రీజ్ హెచ్చరిక ఫోనులో మోగగానే కుండీలన్నీ లోపలికి రావాలి. వాటికి కాస్త వెలుతురు దొరికే మూల కావాలి. దసరాకు కొలువు పెట్టేవాళ్ల బొమ్మల పెట్టెలు ఎలాగూ అప్పటికి కిందికి దిగి ఉంటాయి. అందుకే ఆ హెచ్చరిక రాకముందే, ఎండ తగ్గిన ఒక అక్టోబరు వారాంతంలో గరాజ్ ఖాళీ చేసి, కుండీలకు ఒక మూల వదిలి, రెండు కార్లూ లోపల నిలిపి, తలుపులు తెరిచి చూసుకుంటే ఎన్ని అంగుళాలు మిగిలాయో తేలిపోతుంది. ర్యాకులు కొనడానికి వెళ్లాల్సింది అప్పుడు, ఆ కొలత రాసిన కాగితం జేబులో పెట్టుకుని.