బిళ్ళ వెనక పేరు

పిన్ని హ్యాండ్‌బ్యాగులోంచి చేతిరుమాలు తీసి, ముడి విప్పి బల్ల మీద పెట్టింది. రూపాయి బిళ్ళకన్నా కాస్త పెద్దదైన వెండి బ్యాడ్జీ. చుట్టూ నీలం మీనా, మధ్యలో ఆసుపత్రి ముద్ర. వెనక సూది విరిగిపోయింది. ముందువైపు ఒకచోట మీనా పెచ్చు లేచింది. దాన్ని బాగుచేయించడానికే ఇద్దరం బర్మింగ్‌హామ్ జ్యువెలరీ క్వార్టర్‌కి వచ్చాం.

అది ఎర్రిటుకల మేడలో, ఇరుకు మెట్ల పైనున్న చిన్న వర్క్‌షాపు. యజమానికి అరవై దాటి ఉంటాయి. పిన్నిని చూసి "కూర్చో, బాబ్" అన్నాడు. ఈ ఊళ్ళో ఆడా మగా అనకుండా ఎవరినైనా ముద్దుగా అలాగే పిలుస్తారు. నా చెవికి అది అచ్చం "బాబూ" అన్నట్టే వినబడి నవ్వు ఆపుకోవలసి వచ్చింది.

పిన్ని 1971లో గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ ఒక ఆసుపత్రి నర్సింగ్ స్కూల్లో చేరింది. మూడేళ్ళ చదువు, వార్డు చాకిరీ. ఆ రోజుల్లో నర్సుకి రెండు బ్యాడ్జీలుండేవి. 1919 చట్టంతో పుట్టిన జనరల్ నర్సింగ్ కౌన్సిల్ వారిది ఒకటి, చదివిన ఆసుపత్రిది ఇంకొకటి. మొదటిది ఇంగ్లండ్, వేల్స్ అంతటికీ ఒకటే. "రెండోదాన్ని బట్టే మనిషిని అంచనా కట్టేవాళ్ళం రా. కొత్త సిస్టర్ రాగానే ముందు మొహం కాదు, బిళ్ళ చూసేవాళ్ళం" అంది పిన్ని. మన బిళ్ళబంట్రోతు బిళ్ళ మీద ఆఫీసు పేరే ఉండేది. దీని వెనక మాత్రం పిన్ని పేరే చెక్కి ఉంది, పెళ్ళికి ముందటి ఇంటిపేరుతో సహా.

నర్సు పాసైనప్పుడు నడుముపట్టీకి వెండి బకిల్ పెట్టుకోవడం కూడా ఇక్కడి ఆనవాయితీ. చాలామందికి అమ్మానాన్నలు కొనిచ్చేవారట. "మీ తాతయ్య నాకు వడ్డాణం చేయించలేదు. మొదటి జీతంతో నేనే కొనుక్కున్నాను" అని నవ్వింది.

యజమాని బ్యాడ్జీని తిప్పి భూతద్దం కింద పెట్టాడు. తయారీదారు పొడి అక్షరాలు, నడిచే సింహం, లంగరు, ఏ ఏటిదో చెప్పే అక్షరం. లంగరు వెండి నాణ్యతని పరీక్షించి ముద్ర వేసే బర్మింగ్‌హామ్ అస్సే ఆఫీసు గుర్తు, 1773 నుంచీ ఉన్నదే. సముద్రం జాడ లేని ఊరికి లంగరేమిటి అంటే, లండన్‌లో 'క్రౌన్ అండ్ యాంకర్' అనే సత్రంలో కూర్చుని అస్సే ఆఫీసు కోసం మంతనాలాడారనీ, కిరీటం షెఫీల్డ్‌కి పోగా లంగరు వీళ్ళకి మిగిలిందనీ కథ చెప్పాడు.

తర్వాత పని చూపించాడు. ఉక్కు దిమ్మలో బొమ్మను తిరగేసి చెక్కుతారు. అదే అచ్చు. వెండిరేకును దాని మీద పెట్టి పైనుంచి బరువు దించుతారు. దెబ్బకి వెండి బిరుసెక్కుతుంది. కాల్చి మెత్తబరచి మళ్ళీ కొట్టాలి. మీనా అంటే మెత్తగా నూరిన రంగుగాజే. తడిపి, ఈకమొనతో గుంటల్లో నింపి, ఆరబెట్టి, దాదాపు 800 డిగ్రీల కొలిమిలో నిమిషమో రెండో ఉంచుతారు. కరిగి కుంగుతుంది కాబట్టి మళ్ళీ నింపాలి, మళ్ళీ కాల్చాలి. ఆఖర్న నీళ్ళు పోస్తూ రాతితో అరగదీస్తారు. మా ఊరి కంసాలి చూస్తే ఏ పనికీ పేరు అడగక్కర్లేదు.

ఈ పెచ్చుని మళ్ళీ కాల్చితే పాత మీనా మొత్తం పగలొచ్చట. చల్లగా అతికే రెసిన్‌తో పూడ్చవచ్చు. సూదిని లేజర్‌తో అతుకుతాడు, వేడి పక్కకి పాకదు కనుక. పిన్ని సూది ఒక్కటే చాలంది.

గోడ పొడవునా అచ్చులు పేర్చి ఉన్నాయి, ఒక్కోదాని మీద ఒక్కో ఆసుపత్రి పేరు. చాలా స్కూళ్ళు ఇప్పుడు లేవు. ప్రాజెక్ట్ 2000 పేరుతో 1989 నుంచి నర్సింగ్ చదువు విశ్వవిద్యాలయాలకు మళ్ళింది. దాంతో ఆర్డర్లు పడిపోయాయి. అచ్చుల్ని తుక్కుకి వేయబుద్ధి కాలేదన్నాడు.

నర్సుల బిళ్ళల మీద ఎన్ని పిట్టలో! ఎడిన్‌బరో రాయల్ ఇన్ఫర్మరీ బ్యాడ్జీ మీద తన రక్తంతో పిల్లల్ని సాకే గూడబాతు. అక్కడ చదివినవాళ్ళు తమని తాము పెలికన్లనే చెప్పుకుంటారు. న్యూయార్క్ బెల్‌వ్యూ నర్సుల కోసం 1880లో టిఫనీ కంపెనీ చేసిన దాని మీద కొంగ. మనకి కొంగ అంటే దొంగజపం. వాళ్ళకి రాత్రంతా కాపలా కాసే పక్షి. నైట్ డ్యూటీ చేసినవాళ్ళు ఏ అర్థం తీసుకుంటారో నేను అడగలేదు.

పిన్ని మాత్రం అచ్చుల వరస మొత్తం వంగి చదివింది. తన ఆసుపత్రి పేరు లేదు. "ఇక్కడ చేసింది కాదు, బాబ్. ఈ పొడి అక్షరాలు వేరే వాళ్ళవి" అన్నాడాయన.

రసీదు రాస్తూ ఆయన పేరు అడగలేదు. బ్యాడ్జీని తిరగేసి, దాని వెనకున్నది చూసి రాసుకున్నాడు. పిన్నిని ఆ ఇంటిపేరుతో పిలిచేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. సరిదిద్దుదామని నేను నోరు తెరిచేలోగా, పిన్ని నా చెయ్యి నొక్కి, రసీదు మడిచి రుమాల్లో ముడేసుకుంది.