ఆళ్లగడ్డ బస్సులో ఒక మాజీ సైనికుడు



నంద్యాల నుండి ఆళ్లగడ్డకు దాదాపు 40 కిలోమీటర్లు. బస్సు పట్టణము దాటగానే నల్లరేగడి చేలు, ఎడమవైపున దూరముగా నల్లమల కొండలు కనబడతాయి. శిరివెళ్ల దాటి ఇంకా కొంత దూరము పోతే, రాతి శిల్పులకు పేరుపొందిన ఆళ్లగడ్డ వస్తుంది. కూటముల నిమిత్తము ఈ దారిన ఎన్నోసార్లు వెళ్లాను. అయితే ఆ రోజు నా ప్రక్కన ఒక మాజీ సైనికుడు కూర్చున్నాడు.

ఆళ్లగడ్డలో ఒక విశ్వాసురాలి కుమారుడు త్రాగుడుకు బానిసయ్యాడు. మూడుసార్లు వెళ్లి ప్రార్థించాను, గద్దించాను, ఒట్టు వేయించుకొన్నాను. ఏ ఒట్టూ వారము నిలువలేదు. చివరకు నా గొంతు వినబడితే చాలు, పెరటి దారిన వెళ్లిపోయేవాడు. "అయ్యగారూ, మీరింక రావద్దండీ. మీరు వచ్చిపోయిన రోజు వాడు ఇంకా ఎక్కువ తాగుతాడు" అన్నది ఆ తల్లి. ఆ మాటతో నాకు చాలా రాత్రులు నిద్ర పట్టలేదు.

అప్పుడు ఈ సహోదరుడు గుర్తుకు వచ్చాడు. సైన్యములో 17 సంవత్సరాలు పనిచేసి, హవల్దారుగా పింఛను పుచ్చుకొన్నాడు. క్యాంటీను రమ్ము మొదట చలికి, తరువాత అలవాటుకు, ఇంటికి వచ్చాక పొద్దుపోక త్రాగాడు. మానివేసి తొమ్మిదేండ్లయినది.

"అతనికి ఏమి చెబుతారు?" అని బస్సులో అడిగాను.

"చెప్పేదేముంది అయ్యగారూ? రాత్రి కాపలాకు మమ్మల్ని ఇద్దరిద్దర్ని పెట్టేవాళ్లు. ఒకడు కునికితే ఇంకొకడు లేపుతాడు. అంతే."

ఈ మాటకు బిల్ విల్సన్ జ్ఞాపకము వచ్చాడు. మొదటి ప్రపంచ యుద్ధములో అమెరికా సైన్యాధికారిగా ఉన్నప్పుడే అతనికి త్రాగుడు మొదలయ్యింది. 1935 మే నెలలో, మానివేసిన కొద్ది నెలలకే, ఆక్రన్ పట్టణములో వ్యాపారము చెడి ఒంటరిగా నిలబడ్డాడు. హోటలులోని బారు రమ్మని పిలుస్తున్నది. అతడు మాత్రము ఫోను తీసి ఒక బోధకుని పిలిచాడు. తాను నిలబడడానికి, తనవంటి మరొక త్రాగుబోతుతో మాట్లాడాలని అడిగాడు. ఆ బోధకుడు కొందరి పేర్లు చెప్పాడు. ఆ దారినే విల్సన్ డాక్టర్ బాబ్ స్మిత్‌ను కలుసుకొన్నాడు. ఆల్కహాలిక్స్ అనానిమస్ అలా పుట్టింది. ఆ బోధకుని పని దారి చూపడమే. నా పనీ అంతేనేమో!

ఆ ఇంట్లో హవల్దారు అరుగు మీద కూర్చొని మంచినీళ్లడిగాడు. పెరటివైపు కదిలిన యువకుని చూచి, "అబ్బీ, పొద్దున్నే చేతులు వణుకుతాయా?" అన్నాడు. అతడు ఆగాడు. "మీకెట్ల తెలుసు?" "నాకూ వణికేవి." ఇద్దరూ రెండు గంటలు మాట్లాడుకొన్నారు. తల్లీ నేనూ వంటింట్లో మౌనముగా కూర్చున్నాము.

"ఎక్కువగా తాగేవాడు ఇంట్లో ఉన్నపళాన మానితే ఫిట్స్ రావచ్చు. ప్రాణానికే ముప్పు. ముందు డాక్టరు, తరువాతే మన మాటలు" అన్నాడు హవల్దారు. మరుసటి రోజే ఆయనే అతనిని నంద్యాల ఆసుపత్రికి తీసుకొని వెళ్లాడు. నలభై దినముల తరువాత ఆ యువకుడు ఒకసారి జారిపోయాడు. అయితే ఈసారి తానే హవల్దారుకు ఫోను చేశాడు.

ఆ మొదటి రోజు తిరుగు బస్సులో నేను కృతజ్ఞతలు చెప్పబోతే, ఆయన తల అడ్డముగా ఊపాడు. "మేలు నాకే అయ్యగారూ. నా క్యాంటీను కార్డు మీద సీసాలు తెమ్మని నిన్న ఇద్దరొచ్చినారు. వాళ్లకు తెస్తూ నాకూ ఒకటి తెచ్చుకుందామనిపించింది. ఈ పొద్దు ఇక్కడికి రావాల్సి ఉంది కాబట్టి ఆగినాను."

1995 జనవరిలో మన రాష్ట్రములో సంపూర్ణ మద్యనిషేధము వచ్చింది, 1997లో సడలిపోయింది. చట్టముతో దుకాణము మూయవచ్చును గాని, వణికే మనిషి ప్రక్కన ఎవరో ఒకరు కూర్చోవాలి. మంచి సమరయుడు గాయపడినవానిని దారిలోనుండి పిలిచి బుద్ధి చెప్పలేదు, దగ్గరకు వెళ్లాడు.

మన సంఘములలో మాజీ సైనికులు ఎందరో ఉన్నారు. ఆగస్టు 15న జెండా ఎగురవేయడానికే వారిని పిలుస్తున్నామా? త్రాగుడును జయించినవారు వారిలో ఉంటే, ఈ వారమే ఒక ఇంటి దారి చూపించండి. సలహా కావలసినవారు 14446 అను ఉచిత ఫోను నంబరుకు పిలువవచ్చును.